ఎగిరే పక్షికి ఫోటో తీయాలంటే...



పల్నాడు పేరు చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, వాళ్ళ మధ్య జరిగిన కోడిపోరు. కారెంపూడి వీరుల గుళ్ళయినా, మాచర్ల చెన్నకేశవస్వామి గుడయినా ఆ కథ వెనకాలే జ్ఞాపకం వస్తాయి. ఒక పక్షి మీద పందెం కాసి రాజ్యాన్నే ఒడ్డిన కథ మనది! ఇవాళ నేను చెప్పబోయేది కూడా పక్షుల మాటే గాని, పందెం మాట కాదు. ఆకాశంలో ఎగురుతున్న పక్షిని, దూరాన్ని దగ్గర చేసి చూపించే బరువైన టెలిఫోటో లెన్సుతో ఫోటో తీయడం ఎలాగో చెప్పాలని వచ్చాను.

"ఇల్లూ వాకిలీ చూసుకునేవాళ్ళం, మాకెందుకమ్మా పక్షుల ఫోటోలు?" అనుకుంటున్నారేమో! నేనూ మొదట అలాగే అనుకున్నాను. మా తమ్ముడు ఎంతో ముచ్చటపడి ఒక పెద్ద లెన్సు కొనుక్కున్నాడు. రెండేళ్ళు తిరిగేసరికి వాడికి నడుంనొప్పి పట్టుకుంది. "అక్కా, దీన్ని మోయడం నావల్ల కాదు, నీ దగ్గరుంచు" అని నరసరావుపేటలో మా ఇంటికి తెచ్చి బీరువా మీద పెట్టిపోయాడు. పిల్లల చదువులు అయిపోయి, ఇల్లు బోసిపోయిన రోజులవి. ఒకనాడు దుమ్ము దులుపుదామని దించి, సరదాగా డాబా మీదికి తీసుకుపోయాను. ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీద కూర్చున్న గద్ద కళ్ళు కనపడ్డాయమ్మా అందులో! దాని కంటిలోని వెలుగు కనపడింది. ఆ రోజునించీ ఆ లెన్సు మళ్ళీ బీరువా ఎక్కలేదు.

ముందుగా ఈ లెన్సు అంత బరువెందుకు ఉంటుందో తెలుసుకుందాం. దూరాన్ని దగ్గర చేసే శక్తిని మిల్లీమీటర్లలో చెబుతారు. మామూలుగా ఇంట్లో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తీసే ఫోటోలకు 50 మిల్లీమీటర్ల లెన్సు చాలు. పక్షులకు 400 నుంచి 600 మిల్లీమీటర్ల దాకా కావాలి. అంత దూరం నించి వచ్చే వెలుతురును పోగుచేయాలంటే ముందున్న గాజుబిళ్ళ వెడల్పుగా ఉండాలి. వాన నీళ్ళు పట్టేందుకు చెంబు పెట్టినదానికీ, గంగాళం పెట్టినదానికీ తేడా ఉంటుంది కదా! 600 మిల్లీమీటర్ల లెన్సులో పెద్ద రకానికి ముందుభాగం 15 సెంటీమీటర్ల వెడల్పు ఉండాల్సి వస్తుంది, అంటే చిన్న పళ్ళెమంత. అలాంటివి ఇప్పుడు మూడు కిలోల బరువుకు దిగివచ్చాయి గాని, వెనకటివి అయిదు కిలోల పైచిలుకు ఉండేవి. మా తమ్ముడిలాంటి వాళ్ళు కొనేవి 150 నుంచి 600 దాకా సాగే రకం, రెండు కిలోలు ఉంటాయి. రెండు కిలోలేనా అనకండి. రెండు కిలోల కందిపప్పు సంచీని చేతులు చాచి అయిదు నిమిషాలు పట్టుకుని చూడండి, తెలుస్తుంది.

ఇక్కడే మనకొక సుళువుంది. నీళ్ళ బిందెను మనం చేతులు చాచి మొయ్యం. చంకనెత్తుకుంటాం. బరువు ఒంటికి ఎంత దగ్గరగా ఉంటే అంత తేలిక అని మన నడుముకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. లెన్సును కూడా అలాగే పట్టుకోవాలి. ఎడమచెయ్యి లెన్సు అడుగున, ముందుభాగానికి దగ్గరగా, అరచెయ్యి పైకి ఉండేట్టు పెట్టాలి. రెండు మోచేతులూ డొక్కలకు ఆనించాలి. కాళ్ళు కాస్త ఎడంగా ఉంచుకుని, పక్షి పోయే వైపుకి తిరగవలసింది నడుముతో గాని చేతులతో కాదు. పక్షి రాకముందు నించే ఎత్తిపట్టుకుని కూర్చోకూడదు. వచ్చేదాకా ఒళ్ళో పెట్టుకోవాలి, వస్తున్నప్పుడు ఎత్తాలి.

అలా కూడా కష్టమనుకున్నవాళ్ళకు ముక్కాలి స్టాండు ఉంది. దానిమీద ఉయ్యాలలాగా వేలాడే ఒక అమరిక దొరుకుతుంది. బరువంతా అది మోస్తుంది, మనం వేలితో తోస్తే చాలు, లెన్సు అన్నివైపులకూ తిరుగుతుంది. ఒంటికాలి స్టాండు అయితే మోసుకుపోవడానికి ఇంకా తేలిక. ఏమీ లేకపోతే పాత గుడ్డసంచీలో రెండు కిలోల బియ్యం పోసి మూతి కుట్టేయండి. పిట్టగోడ మీదో, కారు కిటికీ మీదో ఆ సంచీ వేసి, దానిమీద లెన్సు ఆనించారంటే కదలదు. నేను ఏడాదిపాటు అలాగే తీశాను.

ఇక రెండో కష్టం పక్షిని వెతకడం. ఇందులో కొత్తవాళ్ళందరూ ఓడిపోతారు. ఆకాశంలో కొంగ కంటికి బాగానే కనపడుతుంది. కెమెరాకు కన్ను ఆనించగానే ఖాళీ ఆకాశం తప్ప ఏమీ ఉండదు! కారణమేమంటే 600 మిల్లీమీటర్ల లెన్సులో, 50 మీటర్ల దూరాన కనిపించేది 3 మీటర్ల వెడల్పు మాత్రమే. గూడబాతు రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటుతుంది. అంటే గది అంతా మంచమే అన్నమాట. పక్షి ఇటో అటో ఒక గజం జరిగితే రెక్క తెగిన ఫోటోయే వస్తుంది.

దానికి ఉపాయం ఏమిటంటే, ముందు వట్టికళ్ళతో పక్షిని చూడండి. దాని మీదనించి చూపు తిప్పకుండా కెమెరాను కంటి దగ్గరకు తెచ్చుకోండి. కన్ను కెమెరా దగ్గరికి పోకూడదు, కెమెరాయే కన్ను దగ్గరికి రావాలి. సాగే లెన్సయితే 300 దగ్గర పెట్టి పక్షిని పట్టుకుని, ఆ తర్వాత 600కు సాగదీయండి. దొరికిన పక్షిని వెంటనే తీసేయకుండా, కాసేపు దాని వెంట లెన్సును తిప్పుతూ ఉండండి. దాని వేగం మీ నడుముకి అలవాటు కావాలి. అప్పుడు మీట నొక్కండి. నొక్కిన తర్వాత కూడా తిప్పడం ఆపవద్దు. ముగ్గు గీత లాగేటప్పుడు చెయ్యి మధ్యలో ఆగితే అక్కడ పిండి ముద్దగా పడుతుంది చూశారూ, ఇదీ అంతే. చెయ్యి ఆగినచోట బొమ్మ చెదురుతుంది.

షట్టరు వేగం సంగతి చిన్న లెక్కతో చెబుతాను. పక్షి గంటకు 45 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. అంటే సెకనుకు పన్నెండున్నర మీటర్లు. షట్టరు సెకనులో 100వ వంతు తెరిచి ఉంటే ఆ కాస్తలోనే పక్షి పన్నెండున్నర సెంటీమీటర్లు, అంటే జానెడులో సగం కంటే కాస్త ఎక్కువ, జరిగిపోతుంది. బొమ్మ అలుక్కుపోక ఏమవుతుంది? అదే 2000వ వంతు అయితే జరిగేది అర సెంటీమీటరు కంటే కొంచెమే ఎక్కువ. కాబట్టి నిదానంగా పోయే కొంగలకూ గద్దలకూ 1000వ వంతు, రెక్కలు టపటపా కొట్టే చిలకలకూ పావురాలకూ 2000వ వంతు, ఇంకా చిన్నవాటికి 3200వ వంతు పెట్టుకోవాలి. షట్టరు అంత తొందరగా మూసుకుంటే వెలుతురు చాలదు. అందుకని లెన్సు కన్నును బాగా తెరవాలి, ఐ.ఎస్.ఓ. అనే సంఖ్యను పెంచాలి. ఐ.ఎస్.ఓ. పెంచితే బొమ్మలో కాస్త ఇసుక చల్లినట్టు గరుకు వస్తుంది. రానివ్వండి. గరుకున్నా కన్ను స్పష్టంగా ఉన్న పక్షి బాగుంటుంది. నున్నగా ఉండి అలికేసిన పక్షి ఎందుకూ పనికిరాదు.

ఫోకసు మాట కూడా చెప్పాలి. లెన్సు కన్ను బాగా తెరిచినప్పుడు స్పష్టంగా కనిపించే లోతు చాలా తక్కువ. ఇలాంటి 600 లెన్సుతో 20 మీటర్ల దూరాన ఆ లోతు సుమారు ఒక మూర ఉంటుంది. పక్షి ఆ మూర దాటి ముందుకు వచ్చిందంటే మళ్ళీ ఫోకసు చేసుకోవాలి. ఈనాటి కెమెరాల్లో అది దానంతటదే పక్షిని వెంబడించే ఏర్పాటు ఉంది. పక్షి కన్నును గుర్తుపట్టేవి కూడా వచ్చాయి. సెకనుకు పదీ ఇరవై ఫోటోలు తీస్తాయి. రీలుకు 36 ఫోటోల కాలంలో ఒక్కొక్కటీ లెక్కపెట్టి తీసినవాళ్ళ ఓపికకు దణ్ణం పెట్టాలి.

అసలు ఈ పనికి మొదలు ఎక్కడో తెలుసా? ఫ్రాన్సు దేశంలో మారే అనే శరీరశాస్త్రజ్ఞుడు పక్షి ఎలా ఎగురుతుందో తెలుసుకోవాలని 1882లో తుపాకీలాంటి కెమెరా తయారుచేశాడు. తుపాకీలాగే భుజానికి ఆనించి, గురిచూసి, మీట నొక్కితే సెకనుకు 12 ఫోటోలు పడేవి. పక్షికి దెబ్బ తగలని తుపాకీ అది! ఆయన తీసినవాటిలో ఎగిరే గూడబాతు బొమ్మలున్నాయి. రెక్క పైకి లేచినప్పుడు ఎలా మడుస్తుందో, కిందికి దిగినప్పుడు ఎలా చాస్తుందో ఆ బొమ్మల్లో విడివిడిగా కనిపిస్తుంది. అదే గూడబాతును చూడాలంటే మనం ఫ్రాన్సు పోనక్కరలేదు. గుంటూరు పక్కన ఉప్పలపాడు పోతే చాలు. ఆ ఊరి సంగతి చివర్లో చెబుతాను.

తెల్లకొంగను తీసేటప్పుడు కెమెరా మనల్ని మోసం చేస్తుంది. కెమెరాకు తెలుపూ నలుపూ తెలియవు. లోకమంతా బూడిదరంగు అనుకుంటుంది. వెలుగు ఆకాశంలో ఎగిరే పక్షిని నల్లగా చేసి చూపిస్తుంది. అప్పుడు వెలుతురును ఒక మెట్టు పెంచాలి. అదే తెల్లకొంగ నల్లటి చెట్ల గుబురు ముందునించి పోతుంటే, దాని ఈకలు సున్నం కొట్టినట్టు పేలిపోతాయి. అప్పుడు ఒక మెట్టు తగ్గించాలి. కూరలో ఉప్పులాగే, కొలత తెలిసేదాకా రెండుసార్లు చెడుతుంది, ఆ తర్వాత చెయ్యే చెబుతుంది.

ఎప్పుడు పోవాలి? మన పల్నాటి ఎండలు తెలియనివి కావు. పొద్దున తొమ్మిది దాటిందంటే నేలనించి ఆవిరి లేస్తుంది. వేసవిలో మిరప కల్లాల మీద గాలి వణకడం మీరు చూసే ఉంటారు. పెద్ద లెన్సు పక్షితోపాటు ఆ వణుకును కూడా పెద్దది చేస్తుంది. ఎంత ఖరీదైన లెన్సయినా అప్పుడు బొమ్మ నీళ్ళలో చూసినట్టే ఉంటుంది. కాబట్టి తెల్లవారుజామున కాఫీ తాగి బయలుదేరాలి, ఎండెక్కకముందే ఇల్లు చేరాలి. సాయంత్రం ఎండ చల్లబడ్డాక కూడా మంచిదే. సూర్యుడు మన వీపు వెనక ఉండాలి.

గాలి కూడా వెనకనించే వీచాలి. ఎందుకంటే పక్షి లేచేటప్పుడూ వాలేటప్పుడూ గాలికి ఎదురు తిరుగుతుంది. గాలి మన వెనకనించి వస్తుంటే పక్షి మొహం మనవైపు ఉంటుంది. గాలి మన మొహాన కొడుతుంటే దాని తోక తప్ప కనపడదు. ధాన్యం తూర్పారబట్టే మన అమ్మమ్మలు పిడికెడు పొట్టు వదిలి గాలి ఎటో చూసుకునేవారు. నేను చీరకొంగు చూసుకుంటాను. అది ముందుకి ఎగురుతోందంటే నిలబడిన చోటు మంచిదే.

పక్షి లేవబోతోందని ముందే తెలుసుకోవచ్చు. కూర్చున్న కొంగ ఒంటిని ముందుకు వంచుతుంది, మెడ సాగదీస్తుంది, కాళ్ళు కాస్త మడుస్తుంది. గద్దలు చాలాసార్లు రెట్టవేసి మరీ లేస్తాయి. గూడబాతు బరువైన పక్షి. నీళ్ళమీద కాళ్ళతో తన్నుకుంటూ కొంతదూరం పరుగెత్తిగాని లేవలేదు. ఆ పరుగే మనకు కబురు. ఎగిరాక కూడా గుర్తులున్నాయి. తెల్లకొంగ మెడను ఎస్ అక్షరంలా మడుచుకుని ఎగురుతుంది. ఎర్రకాళ్ళ కొంగ మెడ బారుగా చాచి పోతుంది. మెడ చూసి దూరాన్నించే ఏదో చెప్పేయవచ్చు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. అది చెప్పడానికే ఇంతసేపూ మాట్లాడుతున్నానేమో కూడా!

సాగర్ కుడికాలువ నీళ్ళతో నిండే ఒక ఊరి చెరువు. ఊరి పేరు చెప్పను. చెరువు నడుమ తుమ్మచెట్లు, వాటినిండా తెల్లకొంగల గూళ్ళు. పొద్దున్నే పోయి గట్టుమీద కూర్చున్నాను. గంటయింది. గూళ్ళలో కొంగలు కదలడంలేదు. రెండు గంటలయింది. బియ్యం సంచీమీద లెన్సు వేడెక్కుతోంది. ఇంటి దగ్గర వంట కాలేదు. నాకు విసుగొచ్చింది. లెన్సు సిద్ధంగా పెట్టుకుని, గట్టిగా రెండు చప్పట్లు కొట్టాను.

ఒక్కసారిగా చెట్లన్నీ తెల్లగా లేచాయి! అంత అందమైన దృశ్యం నేనెప్పుడూ చూడలేదు. మీట నొక్కుతూనే ఉన్నాను. ఇంటికొచ్చి కంప్యూటరులో చూస్తే ఒక ఫోటో ఎంత బాగా వచ్చిందంటే, ముందున్న కొంగ కంటిలో సూర్యుడి చుక్క, రెక్కల ఈకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. ఫ్రేము కట్టించి హాల్లో పెడదామనుకున్నాను. పెద్దది చేసి మూలమూలలా చూస్తున్నాను. కుడివైపు అడుగున, ఫోకసు లేకుండా, ఒక నల్లటి మచ్చ. ఇంకా పెద్దది చేశాను. కాకి. ఖాళీ అయిన గూటి అంచున నిలబడి ఉంది. దాని ముక్కున గుడ్డు.

మన కోటప్పకొండ మీద కాకి వాలదని పెద్దలు చెబుతారు. మన చెరువులకు ఆ వరం లేదు కదమ్మా! తల్లి కొంగ లేచి, చుట్టూ తిరిగి, మళ్ళీ వాలేదాకా పట్టే రెండు మూడు నిమిషాలు కాకికి చాలు. ఒక్క నాకోసం, ఒక్క ఫోటోకోసం, ఎన్ని గూళ్ళు ఖాళీ అయ్యాయో! ఆ ఫోటో ఫ్రేము కట్టించలేదు. పారేయనూ లేదు. నాకు విసుగొచ్చినప్పుడల్లా తీసి చూసుకుంటాను.

కాకి ఒక్కటే కాదు, ఎండ కూడా శత్రువే. ఎర్రకాళ్ళ కొంగ తన పిల్లల మీద ఎండ పడకుండా రెండు రెక్కలూ గొడుగులా చాచి గూట్లో నిలబడుతుంది. బస్సు స్టాపులో చంటిపిల్ల మొహాన పైటకొంగు కప్పే తల్లిని మనం లేపి పక్కకు పంపిస్తామా? గూట్లోని పక్షిని లేపడమూ అలాంటిదే. ఇది నా ఒక్కదాని బాధ మాత్రమే కాదు, చట్టం కూడా ఉంది. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. అడవిపక్షుల గుడ్లనుగాని గూళ్ళనుగాని కలతపెట్టడం కూడా వేట కిందికే వస్తుంది. మారే అంత కష్టపడి పక్షికి దెబ్బ తగలని తుపాకీ చేస్తే, నేను రెండు చప్పట్లతో దాన్ని మళ్ళీ వేట తుపాకీ చేశాను.

అప్పటినించీ నేను పెట్టుకున్న నియమాలు నాలుగు. పక్షి తనంత తాను ఎగిరినప్పుడే ఫోటో. చప్పట్లు, రాళ్ళు, హారన్లు, డ్రోన్లు ఏవీ వద్దు. నన్ను చూసి పక్షి మేత మానేసి తలెత్తిందంటే నేను ఎక్కువ దగ్గరికి వచ్చానని అర్థం, వెనక్కి నడవాలి. గూటికి దగ్గరగా పోకూడదు, గూడు కనపడటానికని కొమ్మలు విరవకూడదు. గూడు ఎక్కడుందో పదిమందికీ చాటకూడదు. నిజానికి ఆ బరువు లెన్సు మనకు ఇచ్చేది ఇదే. దూరంగా ఉండి చూడగలిగే అవకాశం. అంత బరువు మోసుకుపోయి కూడా పక్షిని బెదరగొడితే మోసిన బరువంతా దండగ.

పైగా, ఎగరగొట్టిన పక్షి ఫోటో బాగుండదు కూడా! భయపడ్డ పక్షి మనకు వీపు చూపించి పోతుంది. తనంత తాను ఎగిరే పక్షి మేతకు పోతూనో, గూటికి పుల్ల తెస్తూనో, పిల్లలకు చేప తెస్తూనో ఉంటుంది. దాని రాకపోకలకు వేళలుంటాయి. పాలవాడి వేళ, కుళాయి నీళ్ళ వేళ మనకు ఎలా తెలుసో, నాలుగు రోజులు కూర్చుంటే పక్షుల వేళలూ అలాగే తెలుస్తాయి. అదే దారిన వస్తాయి, అదే చెట్టు చుట్టూ తిరిగి వాలతాయి. మనం చేయవలసిందల్లా ఆ దారి పక్కన ముందే పోయి కూర్చోవడం.

ఉప్పలపాడు సంగతి చెబుతానన్నాను. నరసరావుపేట నించి గుంటూరు పోయి, అక్కణ్ణించి కాస్త దూరం పోతే వస్తుంది. పెదకాకాని మండలంలో ఉంది. అక్కడ పక్షులుండేది ఎక్కడో అడవిలో కాదు, ఊరి చెరువులోనే. చెరువులోని చెట్లమీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తలు తినే కొంగలు, నీటికాకులు గూళ్ళు కడతాయి. పక్కనే ఇళ్ళు, బడికిపోయే పిల్లలు, బర్రెలు. అయినా పక్షులు భయపడవు. తమ జోలికి ఎవరూ రారని వాటికి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఊరివాళ్ళు కాపాడుకుంటూ వచ్చారు. ఫోటోలు తీయడానికి ఇంతకంటే మంచిచోటు ఏముంటుంది? గట్టుమీద నిలబడితే గూడబాతు తలమీదనించే పోతుంది. ఆ రెక్కల గాలి చప్పుడు వినపడుతుంది. లెన్సు ఖరీదు ఎంతైనా ఉండవచ్చు, కాని ఆ చప్పుడు వినపడేంత దగ్గరకు పక్షిని తెచ్చింది ఆ ఊరివాళ్ళే.

అంత దూరం పోలేనివాళ్ళు బాధపడనక్కరలేదు. మన డాబాలున్నాయి. గుడి గోపురం చుట్టూ తిరిగే పావురాలు చేయి తిరగడానికి మంచివి, ఒకే దారిన మళ్ళీ మళ్ళీ వస్తాయి. గద్దలు రెక్క కదపకుండా చుట్లు తిరుగుతాయి, కొత్తవాళ్ళకు వాటికంటే సులువైనది లేదు. సాయంత్రం వేళ తెల్లకొంగలు బారులుకట్టి చెట్లకు చేరతాయి. రామచిలకలు కేకలు పెట్టుకుంటూ పోతాయి. 2018లో మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షిగా ఎంచుకున్నది వాటినే. కరెంటు తీగల మీద కూర్చునే పాలపిట్టను కాచుకుని కూర్చోండి. కూర్చున్నప్పుడు మట్టిరంగు పిట్టలా ఉంటుంది గాని, పురుగుకోసం రెక్కలు విప్పిందంటే ఆ నీలం చూసి తీరవలసిందే. దసరానాడు పాలపిట్టను చూస్తే మంచిదని దాన్ని పట్టి బోనులో పెట్టి ఊరేగించడం మాత్రం పుణ్యం కాదు. ఎగిరే పాలపిట్ట కనిపిస్తేనే శుభం.

లెన్సు లేకపోయినా ఫరవాలేదు. పెద్ద ఊళ్ళలో రోజుకింత అని అద్దెకిస్తారు. కొనేముందు అద్దెకు తెచ్చుకుని మీ చేతులకు ఆ బరువు సరిపడుతుందో లేదో చూసుకోండి. అదీ కుదరకపోతే ఒక చిన్న దుర్భిణి చాలు. చూడడం వస్తే తీయడం ఎప్పుడైనా వస్తుంది. మెడ, భుజాలు నొప్పి పెట్టేవాళ్ళు పావుగంటకోసారి దించి చేతులు విదిలించుకోవాలి. టోపీ, నీళ్ళసీసా మరిచిపోవద్దు. పక్షులకు బెదురు కలగకుండా మట్టిరంగు, ఆకురంగు చీరలు కట్టుకుంటే మంచిది. అన్నిటికన్నా ముఖ్యం, సూర్యుడివైపు లెన్సు తిప్పి దాంట్లోంచి ఎన్నడూ చూడకండి, కళ్ళు పోతాయి.

పోయిన చలికాలంలో నేను మళ్ళీ ఆ చెరువు దగ్గరకు పోయాను. మూడు రోజులు వరసగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మూడోరోజు పొద్దున ఒక కొంగ తుమ్మపుల్ల ముక్కున కరుచుకుని నా ఎడమవైపు నించి వచ్చింది. గూటిలో ఉన్న రెండోది మెడెత్తి చూసింది. వచ్చింది రెక్కలు విప్పి, కాళ్ళు చాచి, గాలికి ఎదురు తిరిగి నెమ్మదిగా దిగింది. పుల్ల అందించింది. తీసింది ఆరు ఫోటోలు. వాటిలో ఒకటి కాస్త నయంగా వచ్చింది. రెక్క కొస కొంచెం అలుక్కుపోయింది కూడా.

మా హాల్లో ఫ్రేములో ఉన్నది ఆ ఫోటోయే. ఇంటికొచ్చినవాళ్ళు, "ఇంత బాగా ఎలా తీశావమ్మా, లెన్సు ఎంత ఖరీదు?" అని అడుగుతుంటారు. లెన్సు మా తమ్ముడిది, కూర్చోవడం మాత్రం నాది అని చెబుతుంటాను.

ఈసారి మీరు డాబామీద బట్టలు ఆరేయడానికి వెళ్ళినప్పుడు ఒక్క పావుగంట ఆకాశంవైపు చూడండి. ఏ పక్షి ఎటునించి ఎటు పోతోందో, ఏ వేళకు పోతోందో గుర్తుపెట్టుకోండి. ఎగిరే పక్షుల ఫోటోలో మొదటి పాఠం అదే.